కార్యదర్శి రాజీనామా – పాలకవర్గం చేయవలసినదేమి?

పాల సంఘంలో కార్యదర్శి రాజీనామా చేయడం వింత కాదు. వయసు మీరినవారు, వేరే ఉద్యోగం దొరికినవారు, ఊరు విడిచి వెళ్ళేవారు ముందుగా లేఖ ఇచ్చి, లెక్కలు అప్పగించి, నలుగురి చేత మంచి అనిపించుకొని వెళతారు. అట్టి రాజీనామాల గురించి ఇక్కడ వ్రాయవలసిన పని లేదు. లెక్కల మీద అనుమానం పుట్టినప్పుడు, అధ్యక్షులతో తగాదా వచ్చినప్పుడు, ఆడిట్ దగ్గరపడినప్పుడు హఠాత్తుగా వచ్చిపడే రాజీనామాయే సంఘానికి గండం.

అట్టి లేఖ అందిన మరునాటికే ఊరిలో రెండు మాటలు పుడతాయి. "డబ్బు తిన్నాడు, అందుకే తప్పుకున్నాడు" అని ఒకరంటారు. "నిజాయితీపరుణ్ణి పొమ్మనలేక పొగబెట్టారు" అని మరొకరంటారు. పాలకవర్గంలో కూడా ఎవరి బంధువులు వారి వైపు చేరతారు. ఈ రెండు మాటల నడుమ పాల కేంద్రం తలుపు మూడు రోజులు తెరుచుకోదు. ఆ మూడు రోజులూ ప్రైవేటు డెయిరీ వాహనం వీధి చివర నిలిచి పాలు పోయించుకుంటుంది. నాలుగవ రోజున సంఘం తెరిచినా, అటు పోయిన పాలన్నీ ఇటు తిరిగి రావు. అక్కడ గేదె కొనుగోలుకు అడ్వాన్సు తీసుకున్న రైతు రావాలనుకున్నా రాలేడు.

మేము తనిఖీకి వెళ్ళిన సంఘాలలో ఈ విధంగా నీరసించినవి ఉన్నవి. కార్యదర్శి వెళ్ళినందుకు కాదు, వెళ్ళిన వారంలో పాలకవర్గం చేయవలసిన పని చేయనందుకే అవి నీరసించాయి. కాబట్టి ఆ పని ఏమిటో వివరంగా తెలుపుతున్నాము.

రాజీనామాతో ఏది ముగుస్తుంది, ఏది ముగియదు?

కార్యదర్శి సంఘం నుండి జీతం పుచ్చుకొని పనిచేసే ఉద్యోగి. ఆయనను నియమించేది పాలకవర్గం. ఆయన జవాబు చెప్పవలసినదీ పాలకవర్గానికే. జిల్లా యూనియన్‌లో జనరల్ మేనేజరు, సమాఖ్యలో మేనేజింగ్ డైరెక్టరు కూడా ఈ వరుసలోని వారే. జీతంలోనూ హోదాలోనూ తేడా ఉన్నది గాని సూత్రంలో తేడా లేదు.

రాజీనామా ఆమోదం పొందితే ఉద్యోగం ముగుస్తుంది. లెక్క చెప్పవలసిన బాధ్యత ముగియదు. 1964 నాటి సహకార సంఘాల చట్టంలోని 60వ సెక్షన్ ప్రకారం, సంఘానికి నష్టం కలిగించినవారి నుండి ఆ సొమ్ము రాబట్టడానికి రిజిస్ట్రారుకు అధికారం ఉన్నది. ఆ సెక్షన్ ఇప్పుడు పనిచేస్తున్నవారికే గాక, పూర్వం పనిచేసి వెళ్ళినవారికి కూడా వర్తిస్తుంది. "ఆయన వెళ్ళిపోయాడు, ఇక ఏం చేయగలం?" అనే మాటకు చట్టంలో చోటు లేదు. అలాగే నష్టానికి పాలకవర్గ సభ్యుల బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యం కారణమని తేలితే, అదే సెక్షన్ వారికి కూడా వర్తిస్తుందని మరువరాదు.

1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలు తమ ఉపనియమావళిని, ఆ చట్టాన్ని చూచుకోవలెను. ఆ సంఘాలలో ప్రభుత్వ జోక్యం తక్కువ. అందువలన పాలకవర్గం మీద, సర్వసభ్య సమావేశం మీద బాధ్యత మరింత ఎక్కువ.

మొదటి పని: సాయంత్రం పాలు పోయించుకొనుట

లేఖ ఉదయం అందితే, దాని మంచి చెడ్డలు తరువాత చూడవచ్చును. సాయంత్రం పాలు ఎవరు పోయించుకుంటారన్నది ముందు తేల్చవలెను. మన వేసవిలో చల్లబరచని పాలు నాలుగైదు గంటలు నిలవడం కష్టం. గేదె రాజీనామా వార్త విని చేపడం మానదు.

టెస్టరుకు గాని, సహాయకునికి గాని, లెక్క తెలిసిన పాలకవర్గ సభ్యునికి గాని ఆ పూటే తాత్కాలిక బాధ్యత వ్రాతపూర్వకంగా అప్పగించవలెను. ఎవరూ లేకుంటే యూనియన్ సూపర్‌వైజరుకు కబురు పంపి మనిషిని అడగవలెను. అంతకంటే ముఖ్యం, బట్వాడా తేదీ తప్పరాదు. పది రోజులకో పదిహేను రోజులకో చేతికి వచ్చే పాల డబ్బుతోనే దాణా, కిరాణా, పిల్లల ఫీజు గడిచే ఇళ్ళు మనవి. చెప్పిన రోజున డబ్బు పడితే సగం పుకార్లు వాటంతట అవే చల్లారతాయి.

ఆనంద్‌లో ఏమి జరిగినది?

ఇట్టి చిక్కు చిన్న సంఘాలకే వచ్చేదని అనుకోనక్కరలేదు. మన పాల సహకారానికి నమూనా అయిన ఆనంద్‌లోనే రెండు పర్యాయాలు వచ్చినది.

గుజరాత్ సహకార పాల మార్కెటింగ్ సమాఖ్య, అనగా అమూల్ పేరుతో సరుకు అమ్మే సంస్థ, 1973లో ఏర్పడినది. నాటి నుండి డాక్టర్ వర్గీస్ కురియన్ దానికి అధ్యక్షులు. ఆయన ఉద్యోగి కాదు, అధ్యక్షుడే అయినా, దేశంలో పాల సహకారమంటే ఆయన పేరే చెప్పుకునేవారు. జిల్లా యూనియన్ల అధ్యక్షులతో కూడిన బోర్డుకూ ఆయనకూ విభేదాలు ముదిరి, అవిశ్వాస తీర్మానం దాకా వచ్చిన దశలో 2006 మార్చి 20న ఆయన రాజీనామా చేశారు. జరిగినది న్యాయమా కాదా అని వాదించేవారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. ఆ వాదం జోలికి మేము పోము. మనం చూడవలసినది ఒకటే. అంతటి మనిషి వెళ్ళినా పల్లెలలో పాల సేకరణ ఆగలేదు. బనాస్‌కాంఠా యూనియన్ అధ్యక్షులు పార్థీ భటోల్‌ను బోర్డు అధ్యక్షునిగా ఎన్నుకున్నది. 2005–06లో సుమారు 3,770 కోట్ల రూపాయలున్న సమాఖ్య వ్యాపారం 2006–07లో సుమారు 4,280 కోట్లకు చేరినది.

రెండవది 2023 జనవరి 9న జరిగినది. 2010 నుండి మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న ఆర్.ఎస్. సోధీ ఆనాడు పదవి నుండి తొలగిపోయారు. తాను పొడిగింపు మీద ఉన్నానని, తనను విడిచిపెట్టమని తానే కోరానని ఆయన చెప్పారు. బోర్డే ఆయనను తప్పించినదని పత్రికలలో వచ్చినది. దేశమంతా దీనిపై చర్చ జరిగినది. అయితే అదే రోజున, సంస్థలో 1991 నుండి పనిచేస్తున్న జయేన్ మెహతాకు బోర్డు తాత్కాలిక బాధ్యతలు అప్పగించినది. ఒక్క పూట కూడా కుర్చీ ఖాళీగా లేదు. 2021–22లో సుమారు 46 వేల కోట్లున్న వ్యాపారం, ఈ మార్పు జరిగిన 2022–23లో సుమారు 55 వేల కోట్లకు పెరిగినది.

ఈ రెండింటి నుండి మన సంఘాలు నేర్చుకోదగిన విషయాలు రెండు. మొదటిది: అక్కడ పని ఒక మనిషి చేతిలో చిక్కుకొని లేదు. పాలు పోయించుకొని డబ్బిచ్చేది గ్రామ సంఘం, చల్లబరచి సరుకు తయారుచేసేది జిల్లా యూనియన్, అమ్మేది సమాఖ్య. పై మెట్టున గాలి వీచినా కింది మెట్టున దీపం ఆరదు. మన గ్రామ సంఘాలలో తాళం చెవి, టెస్టు, క్యాష్ బుక్, చెక్కుబుక్కు అన్నీ ఒకే మనిషి దగ్గర ఉండడం పరిపాటి. అందువల్లనే ఆయన లేచి వెళితే సంఘమే లేచి వెళ్ళినట్లవుతుంది. రెండవది: వెళ్ళడం గురించి ఒక్క మాటే ఉండవలెను. తానే వెళ్ళాడా, బోర్డు పంపినదా అన్నది సభ్యులు పత్రికలు చూసి ఊహించుకోవలసిన స్థితి ఏ సంఘానికీ మంచిది కాదు.

పాలకవర్గ సమావేశం

లేఖ అధ్యక్షుల చేతికి అందినా, అది పాలకవర్గానికి వ్రాసినదే. దానిని జేబులో పెట్టుకొని "చూద్దాంలే, బతిమాలితే ఉంటాడు" అని వారం గడపరాదు. నిబంధనల ప్రకారం నోటీసు ఇచ్చి వీలైనంత త్వరగా అత్యవసర సమావేశం జరపవలెను. కోరం ఉన్నదా లేదా చూచుకొని, లేఖను మొదటి అక్షరం నుండి చివరి సంతకం వరకు అందరి ముందు చదవవలెను. లేఖలో ఆరోపణలుంటే వాటిని కూడా మినిట్స్ పుస్తకంలో ఎక్కించవలెను. అధ్యక్షులకు నచ్చని వాక్యాలను దాటవేయడం తగదు.

తీర్మానంలో ఈ అంశాలు ఉండుట అవసరం:

1. లేఖ ఏ తేదీన అందినది, ఏ తేదీ నుండి పని మానుతున్నట్లు అందులో ఉన్నది.
2. రాజీనామా ఆమోదమా, లేక లెక్కలు అప్పగించేవరకు ఆమోదం నిలుపుదలా. నోటీసు గడువు గురించి ఉపనియమావళిలో ఏమున్నదో దాని ప్రకారమే నడవవలెను.
3. తాత్కాలిక బాధ్యత ఎవరికి, ఏ తేదీ వరకు.
4. చార్జి అప్పగింత ఏ రోజున, ఎవరి సమక్షంలో.
5. బ్యాంకులో సంతకం మార్పు. ఆ తీర్మానం నకలు అదే రోజున బ్యాంకుకు పంపవలెను.
6. ఆరోపణలుంటే విచారణ ఎవరు చేస్తారు, ఎన్ని రోజులలో.

"కార్యదర్శి అవకతవకలకు పాల్పడి రాజీనామా చేసినందున" అని కొన్ని సంఘాలలో వ్రాస్తారు. విచారణ జరగకముందే ఇట్లు వ్రాయడం తప్పు. రేపు అవకతవక రుజువు కాకపోతే ఆ వాక్యం సంఘం మెడకే చుట్టుకుంటుంది. అట్లని "ఆయన సేవలు అమోఘమని కొనియాడుతూ" అని వ్రాయడమూ తప్పే. రేపు లోటు తేలితే, మీరే మెచ్చుకున్నారు గదా అని అడుగుతారు. తేలిన సంగతులే వ్రాయండి, తేలవలసినవి తేలవలసి ఉన్నవని వ్రాయండి.

చార్జి అప్పగింత

అప్పగింతలో చూడవలసినవి చేతిలోని నగదు, బ్యాంకు పాసుపుస్తకం, చెక్కుబుక్కు, క్యాష్ బుక్, పాల సేకరణ రిజిస్టరు, సభ్యుల ఖాతాలు, షేరు రిజిస్టరు, రసీదు పుస్తకాలు, వాడనివి కూడా, దాణా నిల్వ, క్యాన్లు, తూకం యంత్రం, ఫ్యాట్ పరీక్ష యంత్రం, మినిట్స్ పుస్తకం. నేడు వీటికి తోడు మరి రెండు ఉన్నవి. ఒకటి, పాల సేకరణ కంప్యూటరు పాస్‌వర్డు. రెండు, సంఘం బ్యాంకు ఖాతాకు జతచేసిన ఫోను నంబరు. ఆ నంబరు వెళ్ళినవారి సొంత ఫోనుదైతే, తాళం మార్చి చెవి ఆయన దగ్గరే వదిలినట్లు.

నగదు ఎంచిన వెంటనే క్యాష్ బుక్ నిల్వతో సరిచూచి, తేడా ఉంటే ఉన్నదున్నట్లు వ్రాసి, ఇద్దరు పాలకవర్గ సభ్యులు, వెళ్ళేవారు, బాధ్యత తీసుకొనేవారు సంతకాలు చేయవలెను. వెళ్ళేవారికి ఒక నకలు ఇవ్వవలెను. అది ఆయన హక్కు. తరువాత పోయిన రసీదు పుస్తకాన్ని ఆయన నెత్తిన రుద్దకుండా ఆ నకలే ఆయనకు రక్ష.

అనుమానాన్ని లెక్కతో తేల్చుట

పాల సంఘంలో మాటకంటె లెక్క త్వరగా నిజం చెబుతుంది. ఉదాహరణకు, సంఘం రోజుకు 400 కిలోల పాలు సగటున 6.5 శాతం ఫ్యాట్‌గా సభ్యుల నుండి కొన్నదనుకుందాం. అవే పాలు యూనియన్‌లో 6.2 శాతంగా తేలినవి. తేడా 0.3 శాతం, అనగా రోజుకు 1.2 కిలోల ఫ్యాట్. కిలో ఫ్యాట్ ధర 800 రూపాయలనుకుంటే రోజుకు 960 రూపాయలు, పదిహేను రోజులకు 14,400 రూపాయలు.

ఈ అంకె చూడగానే "దొంగ" అనరాదు. పరీక్ష యంత్రం సరిచేయక ఎన్ని నెలలైనది? నమూనా తీసేముందు పాలు బాగా కలిపారా? దారిలో క్యాను ఒలికినదా? యూనియన్‌లో నమూనా సరిగా తీశారా? ఇవన్నీ చూడవలెను. యంత్రాన్ని సరిచేయించి వారం రోజులు కొత్త మనిషి చేత పరీక్ష చేయించండి. అప్పటికీ తేడా అంతే ఉంటే తప్పు మనిషిది కాకపోవచ్చును. తేడా మాయమైతే పాత రిజిస్టర్లు తిరగవేయవలసినదే.

తేడా అటుదిటుగా ఉన్నా ఆరా తీయవలెను. సభ్యుల దగ్గర తక్కువ ఫ్యాట్‌గా వ్రాసి, యూనియన్‌లో ఎక్కువ వస్తుంటే సంఘానికి మిగులు కనబడుతుంది, పాలకవర్గం సంతోషిస్తుంది. ఆ మిగులు పాడి రైతు చెంబులోనిదే.

ఆయనే ఆరోపణ చేసి వెళితే?

కొన్ని రాజీనామాలు భయంతో వస్తాయి, కొన్ని నిరసనతో వస్తాయి. ఒక సంఘంలో కార్యదర్శి లేఖలో ఇట్లు వ్రాశారు: పెద్దల ఇంటి పాలలో నీళ్ళు ఉన్నా పరీక్ష చేయవద్దన్నారనీ, చేసినందుకు నలుగురిలో అవమానించారనీ. ఆ లేఖను అధ్యక్షులు సమావేశంలో చదవనివ్వలేదు. ఆమోదిస్తున్నట్లు రెండు వాక్యాలు వ్రాసి ముగించారు. మేము వెళ్ళి రిజిస్టరు చూసేసరికి, చిన్న రైతులు ఒకరొకరుగా పాలు మానుకొని ఉన్నారు. లేఖ దాచినా, అందులోని సంగతి పాలు పోసే వారందరికీ ముందే తెలుసు. పాలకవర్గానికి తెలియనట్లు నటించడం ఒక్కటే వారికి కొత్త.

ఆరోపణ ఎవరి మీద వచ్చినదో వారు, వారి దగ్గరి బంధువులు ఆ విచారణలో కూర్చోరాదు. అధ్యక్షుల మీద వస్తే ఉపాధ్యక్షులు గాని, మరొక సభ్యుడు గాని ఆ అంశం వరకు సమావేశం నడపవలెను. పాలకవర్గం రెండుగా చీలి విచారణ సాగదనుకుంటే, రిజిస్ట్రారును విచారణ కోరడానికి 1964 చట్టంలోని 51వ సెక్షన్ ఉన్నది. విచారణ కోరడం సంఘానికి నామర్దా కాదు. కోరకుండా కప్పిపుచ్చడమే నామర్దా.

రాజీ పేరిట జరిగే మరొక పొరపాటు కూడా చూస్తుంటాము. పెద్దమనుషులు కూర్చొని, లోటులో సగం కట్టించుకొని, రాజీనామా ఆమోదించి, "ఇక ఈ మాట ఎత్తవద్దు" అంటారు. ఆ సగం వదులుకునే హక్కు పెద్దమనుషులది కాదు. అది పాలు పోసినవారి సొమ్ము.

సభ్యులకు తెలుపుట

సమావేశం ముగిసిన మరునాడే పాల కేంద్రం వద్ద నోటీసు అంటించవలెను. అందులో నాలుగు మాటలు చాలును. కార్యదర్శి రాజీనామా చేశారు. ఫలానావారు బాధ్యత చూస్తున్నారు. బట్వాడా మామూలు తేదీననే జరుగుతుంది. లెక్కల పరిశీలన జరుగుతున్నది, ఫలితాన్ని ఫలానా తేదీలోగా సభ్యుల ముందు ఉంచుతాము. చదువురాని సభ్యులకు పాలు పోసే వేళ చదివి వినిపించవలెను. పాలు తెచ్చేవారిలో స్త్రీలు ఎక్కువ. సభ్యత్వం ఇంటి మగవారి పేరున ఉన్నా, సంగతి తెలియవలసినది ముందు వారికే.

చెప్పిన తేదీకి పరిశీలన పూర్తయితే సర్వసభ్య సమావేశం పిలిచి ఫలితాన్ని పెట్టవలెను. పూర్తికాకపోతే, ఎందుకు కాలేదో, ఇంకెంత కాలం పడుతుందో అదే తేదీన చెప్పవలెను. వెళ్ళినవారు కూడా సభ్యులైతే సమావేశానికి వచ్చి మాట్లాడే అవకాశం ఇవ్వవలెను. నిర్దోషి అని తేలితే ఆ మాటను కూడా అదే సభలో, అదే గొంతుతో చెప్పి మినిట్స్‌లో వ్రాయవలెను. నింద వీధిలో వేసి, నిర్దోషిత్వాన్ని మూలగదిలో చెప్పడం ధర్మం కాదు.

కొత్తవారిని నియమించేముందు

తొందరపడి అధ్యక్షుల బంధువును కూర్చోబెడితే, వెళ్ళినాయన మాటే నిజమని ఊరు అనుకుంటుంది. నోటీసు ఇచ్చి, దరఖాస్తులు తీసుకొని, ఉపనియమావళి ప్రకారం జామీను రాయించుకొని నియమించవలెను. ఈసారైనా పనులు పంచండి. పరీక్ష చేసేవారు వేరు, నగదు ముట్టేవారు వేరుగా ఉండవలెను. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండవలెను. నెలకొక పర్యాయం పాలకవర్గ సభ్యుడొకరు చెప్పకుండా వచ్చి నగదు ఎంచి, ఫ్యాట్ తేడా చూచి సంతకం చేయవలెను. ఈ నాలుగూ ఉన్న సంఘంలో కార్యదర్శి రేపు లేఖ ఇచ్చినా, సాయంత్రం పాలు మామూలుగా క్యానులో పడతాయి.

ఈ వ్యాసాన్ని రాబోయే పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించవలసినదిగా అధ్యక్షులను కోరుతున్నాము. రాజీనామా లేఖ ఇంకా రాని సంఘాలకు ఇది మరీ అవసరం. పాలకవర్గం ఉన్నది వెళ్ళినవారిని గెలిపించడానికి గాని ఓడించడానికి గాని కాదు. రేపు తెల్లవారుజామున చెంబు పట్టుకొని వచ్చే సభ్యురాలికి తలుపు తెరిచి ఉన్నదా, ఆమె పాలకు సరియైన లెక్క వ్రాశారా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడానికే అది ఉన్నది.